జారడమే దాని ఉద్యోగం

ఆదివారం పొద్దున ఏడు గంటలకే బావ ఫోను. "ఒరేయ్, బండి అరుస్తంది గానీ కదల్దురా. ఓపాలి వచ్చి చూడు."

బావకి గోపాలపట్నంలో చిన్న కిరాణా కొట్టు ఉంది. ఆయన వంద సీసీ బండికి పదకొండేళ్లు. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, వెనక సీటు మీద మా అక్క, పండగలకి సింహాచలం కొండ... అన్నీ మోసింది పాపం. ఇన్నేళ్లలో దాని క్లచ్ కవరు విప్పిన పాపాన ఎవరూ పోలేదు. నేను వెళ్లి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూశాను. చిన్న గేర్లలో బాగానే లాగుతోంది. నాలుగో గేరులో ఎక్సలేటర్ పూర్తిగా తిప్పేసరికి మాత్రం ఇంజిన్ గొంతు పైకి లేచింది, స్పీడోమీటరు ముల్లు ఉన్నచోటే ఉండిపోయింది. మెకానిక్కుల భాషలో 'క్లచ్ స్లిప్ కొడుతోంది.'

ఆ మాట వినగానే జారడం అనేది క్లచ్‌కి వచ్చిన రోగం అనుకుంటాం. నిజానికి జారడమే దాని ఉద్యోగం. ఎప్పుడు జారాలో అప్పుడు జారి, వద్దన్నప్పుడు బిగిసి కూర్చోవాలి. మన బండికి తెగులు వచ్చింది రెండో దాంట్లో.

అసలు జారే భాగం ఒకటి ఎందుకు కావలసి వచ్చింది? పాత ఆవిరి రైలింజనుకి క్లచ్ లేదు. చక్రం కదలకపోయినా ఆవిరి ఒత్తిడి పిస్టన్ మీద ఉంటూనే ఉంటుంది, అందుకని నిలబడ్డ చోటినుంచే నెట్టగలదు. ఎలక్ట్రిక్ స్కూటరు మోటారు కూడా అంతే, సున్నా వేగం దగ్గరే దానికి బోలెడు బలం. పెట్రోలు ఇంజిన్‌కి ఆ అదృష్టం లేదు. గాలీ పెట్రోలూ లోపలికి పీల్చుకుని, నొక్కి, మండించాలంటే అది ముందే తిరుగుతూ ఉండాలి. ఆగితే చచ్చిపోతుంది. కాబట్టి సిగ్నల్ దగ్గర ఒకవైపు నిమిషానికి 1,400 సార్లు తిరుగుతున్న ఇంజిన్, మరోవైపు కదలని చక్రం. ఈ రెండింటినీ ఒక్కసారి కలిపితే ఇంజిన్ అయినా ఆగాలి, బండి అయినా గెంతాలి. మధ్యలో నిలబడి కాసేపు ఇద్దరికీ సర్దిచెప్పే పెద్దమనిషి కావాలి. పెద్దరికానికి కూలి ఉంటుంది కదా, అది వేడి రూపంలో కడతాం.

ఆ కూలి ఎంతో లెక్క కట్టవచ్చు. చదును రోడ్డు మీద ఇంజిన్ వేగం మార్చకుండా బండిని కదిలించామనుకోండి. క్లచ్‌కి అటూ ఇటూ మెలితిప్పే బలం ఒక్కటే, వేగాలు మాత్రం వేరు. ఇంజిన్ వైపు పూర్తి వేగం. చక్రం వైపు సున్నాతో మొదలై ఆ వేగం దాకా పెరుగుతుంది, అంటే సగటున సగం. కాబట్టి ఇంజిన్ ఇచ్చిన శక్తిలో సగమే బండికి చేరుతుంది, మిగతా సగం క్లచ్‌లో వేడవుతుంది. ఎంత నేర్పరి నడిపినా ఆ సగం తప్పదు. బావ బండి, ఇద్దరు మనుషులు, ఒక పాతిక కిలోల బస్తా కలిపి 275 కిలోలు అనుకుంటే, గంటకు 10 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి క్లచ్ లోపల సుమారు 1,000 జౌల్స్ వేడి పుడుతుంది. పది మిల్లీలీటర్ల నీటిని పాతిక డిగ్రీలు వేడెక్కించేంత. ఇది చిన్నదే. చుట్టూ ఉన్న ఆయిల్ దాన్ని తీసుకుపోతుంది.

అసలు దెబ్బ కొండ మీద పడుతుంది. పది మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే దారిలో ముందు బండ్లు ఆగాయి. మనవాళ్లలో చాలామంది బ్రేకు తొక్కరు. హాఫ్ క్లచ్ మీద బండిని కదలకుండా అలాగే నిలబెడతారు, అదొక విద్య అన్నట్టు. ఆ 275 కిలోలు వెనక్కి జారకుండా ఆపాలంటే చక్రం అంచు దగ్గర సుమారు 270 న్యూటన్ల బలం కావాలి. చక్రం వ్యాసార్ధాన్నీ లెక్కలోకి తీసుకుంటే, మొదటి గేరూ చైనూ కలిసి బలాన్ని ఓ పదింతలు చేస్తాయి కాబట్టి క్లచ్ మోయాల్సింది 8 న్యూటన్ మీటర్ల మెలి. (మీటరు పొడవు కడ్డీ చివర కిలో బరువు వేలాడదీస్తే దాదాపు 10 న్యూటన్ మీటర్లు. ఈ కొలత గుర్తుంచుకోండి, మళ్లీ అక్కరకొస్తుంది.) ఇంజిన్ 3,500 చుట్ల దగ్గర అరుస్తుంటే, మధ్య పళ్లచక్రాలు దాన్ని నాలుగోవంతుకి తగ్గించాక, క్లచ్ ప్లేట్ల మధ్య జారుడు వేగం సెకనుకి 92 రేడియన్లు. రెండూ గుణిస్తే దాదాపు 740 వాట్లు. మన ఇళ్లలోని మామూలు ఇస్త్రీ పెట్టె 750. అంటే అరచేతిలో పట్టేంత ప్లేట్ల కట్ట మధ్యలో ఇస్త్రీ పెట్టె స్విచ్ వేసి వదిలేసినట్టు.

బావకి ఈ సంగతి చెప్తే, "అయితే ఆ వేడి మీద చొక్కా మడతలు పోవాలి గదరా" అన్నాడు.

విప్పేముందు ఒక పని చెయ్యాలి. క్లచ్ కేబుల్ వదులు చూడాలి. లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల దాకా ఊరికే కదలాలి, ఆ తర్వాతే బరువు తగలాలి. బావ బండికి ఆ వదులు అసలు లేదు. ఇందులో చిన్న మెలిక ఉంది. ప్లేట్లు అరిగి కట్ట పల్చబడే కొద్దీ, స్ప్రింగులతో వాటిని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు జరుగుతుంది, దాంతో కేబుల్ వదులు తనంతట తానే తగ్గుతుంది. వదులు పూర్తిగా పోయాక కేబుల్ స్ప్రింగుల బరువులో కొంత తను మోయడం మొదలుపెడుతుంది. మనం లివరు ముట్టుకోకపోయినా ఎవరో ఒక వేలితో పట్టుకుని ఉన్నట్టు లెక్క. ప్లేట్ల మీద నొక్కుడు తగ్గి, జారుడు పెరిగి, ఇంకా అరిగి... పుండు మీద కారం. చాలా బండ్లకి ఈ దశలో కేబుల్ సర్దితే చాలు, పైసా ఖర్చు లేకుండా బాగవుతాయి. నేనూ సర్దాను, మళ్లీ నడిపాను. నాలుగో గేరులో అదే అరుపు. ఇక విప్పాల్సిందే.

ఇంజిన్ చల్లారాక సెంటర్ స్టాండ్ వేసి, కింద పాత బేసిన్ పెట్టి ఆయిల్ దించాం. నల్లగా ఉంది, కమురు వాసన. తర్వాత కిక్ రాడ్డు, ఫుట్ రెస్టు. కుడివైపు కవరు బోల్టులు పైకి ఒకేలా కనపడతాయి గానీ పొడవులు వేరు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. అందుకని ఒక అట్ట మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఊడదీస్తే దాన్ని అదే చోట గుచ్చాను. అన్నీ తీశాక కూడా కవరు ఊడి రాదు, పాత ప్యాకింగ్ పట్టుకుని ఉంటుంది. ఇక్కడే చేతులు దురద పెడతాయి, స్క్రూడ్రైవరు సందులో దూర్చి ఎత్తుదామనిపిస్తుంది. వద్దు. ఆ చిన్న గాటులోంచే తర్వాత జీవితాంతం ఆయిల్ కారుతుంది. చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తడుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు 'టప్' అని వదులుతుంది.

లోపల కనిపించేది చూడ్డానికి పెద్ద సంగతేమీ కాదు. గిన్నె లాంటి హౌసింగ్, దాని అంచున నిలువు గాళ్లు, మధ్యలో నాలుగు స్ప్రింగులు. ఆ నాలుగు బోల్టుల్ని ఎదురెదురుగా, ఒక్కో చుట్టూ వదులు చేస్తూ తియ్యాలి. ఒకవైపే పూర్తిగా విప్పితే ప్లేటు ఓరగా లేచి స్ప్రింగు కూర్చునే స్తంభం విరుగుతుంది. కొన్ని బండ్లకి ఇక్కడితో ప్లేట్లు చేతికొస్తాయి. కొన్నింటికి మధ్యలో నట్టో సర్‌క్లిప్పో విప్పితేగానీ రావు, ఆ నట్టుకి ప్రత్యేకమైన పానా కావాలి. అది లేకుండా ఉలీ సుత్తీ పట్టుకునే ధైర్యం చెయ్యకండి. వీధి చివర మేస్త్రీకి యాభయ్యో వందో ఇచ్చి ఆ ఒక్క నట్టు విప్పించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. మేం చేసింది అదే.

ప్లేట్లు బయటికొచ్చాయి. బొగ్గు రంగు పూత ఉన్నవి నాలుగు, వాటి మధ్య వట్టి ఉక్కు బిళ్లలు మూడు. పూత ప్లేట్ల చెవులు హౌసింగ్ గాళ్లలో కూర్చుని ఇంజిన్‌తో తిరుగుతాయి. ఉక్కు ప్లేట్ల లోపలి పళ్లు నడిమి హబ్బుని పట్టుకుని గేర్‌బాక్సుతో తిరుగుతాయి. ఒకటి విడిచి ఒకటి. అన్నిటినీ కలిపి నొక్కేది ఆ నాలుగు స్ప్రింగులే.

ఇన్ని ప్లేట్లు ఎందుకన్నది బావ ప్రశ్న. "ఒక్కటే పెద్దది పెడితే సరిపోదేటి?"

మంచి ప్రశ్న. ఘర్షణ గురించి మొదట లోతుగా ఆలోచించినవాడు లియొనార్డో డావిన్సీ. ఆయన నోటు పుస్తకాల్లో ఉన్నదాన్ని ఎవరూ చూడలేదు గనక, 1699లో ఫ్రాన్సులో అమోంటన్స్ మళ్లీ కనిపెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత 1780లలో కూలుం మరింత వివరంగా ప్రయోగాలు చేశాడు. వాళ్లు చెప్పినదాంట్లో వింత ఏమిటంటే, ఘర్షణ బలం నొక్కే బరువు మీద ఆధారపడుతుంది గానీ తాకే వైశాల్యం మీద కాదు. ఇటుకని పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా ఒకటే బలం కావాలి. కాబట్టి ప్లేటు వెడల్పు పెంచినంత మాత్రాన పట్టు పెరగదు. వేడి నలుగురికీ పంచినట్టవుతుంది, అరుగుదల తగ్గుతుంది, అంతే.

మరి పట్టు ఎలా పెంచాలి? బావకి కొట్టులోనే చూపించాను. పాత క్యాలెండరు కాగితాలు ఎనిమిది తీసుకుని, ఒకటి ఆయన వైపుకి ఒకటి నా వైపుకి పొడుచుకొచ్చేలా బల్ల మీద పేర్చి, పైన రెండు కిలోల తూకం రాయి పెట్టాను. మొదట రెండే కాగితాలతో లాగి చూశాం, చటుక్కున జారాయి. ఎనిమిదీ పెట్టి ఆయన నాలుగూ ఆయన, నా నాలుగూ నేను పట్టుకుని లాగితే కాగితం చిరిగేటట్టుంది గానీ జారదు. రాయి ఒక్కటే. కానీ దాని బరువు పైనుంచి కిందిదాకా ప్రతి కాగితం మీదా మళ్లీ మళ్లీ పడుతోంది. ఒకే బరువు ఏడు సందుల్లో ఏడుసార్లు పనికొస్తోంది. నాకు యంత్రశాస్త్రంలో ఇంతకంటే పొదుపైన కిటుకు ఇంకొకటి కనపడలేదు.

క్లచ్ కూడా సరిగ్గా ఇదే. నాలుగు పూత ప్లేట్లంటే ఎనిమిది ముఖాలు. స్ప్రింగులన్నీ కలిసి 1,000 న్యూటన్లు (వంద కిలోల మనిషి ఎక్కి నిలబడ్డట్టు) నొక్కుతున్నాయనీ, ఆయిల్‌లో ఘర్షణ గుణకం 0.12 అనీ, ప్లేటు సగటు వ్యాసార్ధం నాలుగున్నర సెంటీమీటర్లనీ అనుకుందాం. ఎనిమిది ముఖాలకీ కలిపి 43 న్యూటన్ మీటర్ల మెలి మోయగలదు. వంద సీసీ ఇంజిన్ మహా ఇస్తే 8, మధ్య పళ్లచక్రాలు దాన్ని నాలుగింతలు చేస్తే 32. మూడోవంతు మిగులు ఉంది.

ఇప్పుడు అరిగిన క్లచ్‌ని చూడండి. ప్లేటు ఒక్కింటికి 0.3 మిల్లీమీటర్లు పోయాయనుకుంటే నాలుగింటికీ కలిపి 1.2. స్ప్రింగు పది మిల్లీమీటర్లు నొక్కుకుని కూర్చునేది కాస్తా అంతమేర సాగింది, నొక్కుడులో పన్నెండు శాతం పోయింది. 43 కాస్తా 38 అయింది. ఇంకా ఫరవాలేదు. కానీ వేడికి పూత మాడి అద్దంలా నున్నబడితే 0.12 ఉన్న గుణకం 0.09కి పడిందనుకోండి. 38 కాస్తా 28. ఇంజిన్ అడిగేది 32. జారింది. చిన్న గేరులో ఎందుకు జారలేదంటే, అక్కడ ఇంజిన్ పూర్తి బలం ఎక్కువసేపు వాడే అవసరం రాదు, బండి వెంటనే వేగం అందుకుంటుంది. పై గేరులో నిండు ఎక్సలేటర్ ఇస్తే ఆ 32 నిలకడగా పడుతూనే ఉంటుంది. పదేళ్లు కనపడని అరుగుదల ఒక నెలలో బయటపడడానికీ కారణం ఇదే. మిగులు ఉన్నంతకాలం అరుగుదల నడిపేవాడికి తెలియదు. మిగులు అయిపోయిన రోజున ఒక్కసారిగా తెలుస్తుంది.

బావ ప్లేట్లని వెర్నియర్‌తో ఒక్కోదాన్ని నాలుగైదు చోట్ల కొలిచాను. మాన్యువల్లో ఇచ్చిన హద్దు కంటే అన్నీ తక్కువే. స్ప్రింగుల పొడవు కూడా కొలవాలి, ఏళ్ల తరబడి వేడిలో నలిగి అవీ కుదించుకుపోతాయి. ఉక్కు బిళ్లల్ని కొట్టులోని గాజు పలక మీద పెట్టి చుట్టూ ఫీలర్ గేజి దూర్చాను. మామూలుగా 0.2 మిల్లీమీటరు ఆకు దూరితే ఆ బిళ్ల వంకరపోయిందని లెక్క. రెండు బాగున్నాయి, మూడోది వంగింది. పైగా దాని మీద నెమలికంఠం రంగులో నీలం మచ్చలు. ఆ నీలం రంగుపూత కాదు. ఉక్కు వేడెక్కితే పైన పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, దాని మందం పెరిగే కొద్దీ కాంతి తరంగాలు ఒకదాన్నొకటి చంపుకుంటూ రంగులు పుట్టిస్తాయి, సబ్బు బుడగ మీద పుట్టినట్టే. 220 డిగ్రీల దగ్గర గడ్డి రంగు, 300 ప్రాంతంలో నీలం. అంటే ఈ బిళ్ల ఏదో ఒకరోజు 300 డిగ్రీలు చూసింది. కొండదారి, బస్తా, హాఫ్ క్లచ్. బావ వైపు చూశాను. ఆయన తూకం రాళ్లు సర్దుకుంటున్నాడు.

పూత సంగతి కొంచెం చెప్పాలి. మెకానిక్కుల్లో పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని 'కార్క్ ప్లేటు' అంటారు. ఒకప్పుడు అది నిజంగానే కార్క్, సీసా బిరడా చేసే బెరడు. మైసూరులో తయారైన జావా, ఎజ్డీ బండ్ల క్లచ్‌లో ఉక్కు ప్లేటు కన్నాల్లో కార్క్ ముక్కలు దిగ్గొట్టి ఉండేవి. (ఆ బండ్లకి ఇంకో సుఖం, గేరు లివరు నొక్కితే క్లచ్ తనంతట తనే తెరుచుకునేది.) 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి 'సెల్' అని పేరు పెట్టింది ఆ బెరడులోని గదులకే. నూనెలో నానినా పట్టు పోకపోవడానికి కారణం ఆ గదులే, నొక్కినప్పుడు ఆయిల్ వాటిలోకి తప్పుకుంటుంది. ఇప్పటి పూత కాగితం జాతిది. నారల్ని రెసిన్‌తో కలిపి, సన్నటి రంధ్రాలు మిగిలేలా కాల్చి అంటిస్తారు. కిటుకు మాత్రం కార్క్‌దే. ఒక హెచ్చరిక. బాగా పాతకాలపు పూతల్లో ఆస్బెస్టాస్ కలిపేవాళ్లు. తాత కాలంనాటి బండి విప్పితే ఆ పొడిని నోటితో ఊదకండి.

ఆయిల్‌లో ముంచిన ఘర్షణ! వినడానికే విడ్డూరం. 1902లో జర్మనీలో స్ట్రైబెక్ అనే ఇంజినీరు బేరింగుల మీద కొలతలు చేస్తూ ఒక వంపుగీత గీశాడు. ఆయిల్ పొర మందంగా ఉంటే రెండు ముఖాలూ తాకవు, ఘర్షణ చాలా తక్కువ. పొర పల్చబడి గరుకులు ఒకదాన్నొకటి తాకే దశలో ఘర్షణ అమాంతం పెరుగుతుంది. ఇంజిన్ బేరింగులకి మొదటి దశ ప్రాణం. క్లచ్‌కి రెండో దశ కావాలి. ఒకే డబ్బా ఆయిల్ ఈ ఇద్దరు సవతుల్నీ మెప్పించాలి. కార్లలో క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి, మైలేజీ కోసం కొన్ని కారు ఆయిళ్లలో ఘర్షణ తగ్గించే రసాయనాలు కలుపుతారు. అవి బండి క్లచ్‌లో పడితే కొత్త ప్లేట్లు కూడా జారవచ్చు. అందుకే జపాన్ వాళ్లు 1998లో జాసో ప్రమాణం పెట్టారు. డబ్బా మీద ఎంఏ అని ఉంటే క్లచ్‌కి పనికొస్తుంది. ఎంబీ అంటే ఘర్షణ తక్కువ, తడి క్లచ్ లేని స్కూటర్లకి. నేను కుర్రతనంలో నా బండికి కొత్త ప్లేట్లు వేసి, 'కారుకి పోసేదే కదా, ఇంకా మంచిది' అని ఖరీదైన ఆయిల్ పోశాను. రెండు వారాల్లో మళ్లీ జారింది. ప్లేట్లలో మోసం చేశాడని కొట్టువాడితో పోట్లాడాను కూడా. తప్పు నాదని తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

కొత్త ప్లేట్లని బిగించేముందు కొత్త ఆయిల్‌లో నానబెట్టాలి. కనీసం గంటైనా. ఆ రంధ్రాలు పొడిగా ఉండగా బండి కదిలిస్తే మొదటి నిమిషంలోనే పూత మాడుతుంది. అక్క ఇడ్లీ పిండి గిన్నె అడిగితే ఇవ్వలేదు, పాత స్టీలు పళ్లెం ఇచ్చింది. ప్లేట్లు నానే లోపల హౌసింగ్ గాళ్లు చూశాను. ప్లేటు చెవులు తట్టితట్టి గాళ్ల అంచున మెట్లలాంటి గుంటలు పడతాయి, అవి లోతైతే ప్లేట్లు సాఫీగా జరగవు, క్లచ్ పూర్తిగా విడవదు. ఇక్కడ గీతలే, సన్న ఆకురాయితో సరిపోయింది. తర్వాత పాత ప్యాకింగ్‌ని ప్లాస్టిక్ ముక్కతో గోకడం. ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విసుగు పుట్టించేది, అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఇదే.

బిగింపు విప్పినదానికి తిరగేసిన వరస. పూత ప్లేటు, ఉక్కు ప్లేటు, మళ్లీ పూత. మొదలూ చివరా పూతవే. స్ప్రింగు బోల్టుల దగ్గర మాత్రం చెయ్యి అదుపులో ఉండాలి. ఆరు మిల్లీమీటర్ల బోల్టు అల్యూమినియం మరలోకి దిగుతుంది, దానికి చాలినంత బిగువు పది పన్నెండు న్యూటన్ మీటర్లు. ఇందాకటి మీటరు కడ్డీ, కిలో బరువు. కానీ మన స్పానరు పొడవు పన్నెండు పదమూడు సెంటీమీటర్లే కాబట్టి చేతికి అది ఎనిమిది తొమ్మిది కిలోలుగా తెలుస్తుంది, 'ఇంకాస్త' అనిపిస్తుంది. ఆ ఇంకాస్తకే మర ఊడొస్తుంది. టార్క్ రెంచి ఉంటే వాడండి. లేకపోతే పొట్టి స్పానరు, రెండు వేళ్లు. కొత్త ప్యాకింగ్ పెట్టి, కవరు మూసి, అట్ట మీది బోల్టులు ఎక్కడివక్కడ బిగించి, కొలత ప్రకారం ఆయిల్ పోసి, కేబుల్ వదులు పదిహేను మిల్లీమీటర్లకి సర్దాను. పాత ఆయిల్‌ని డబ్బాలోకి వంచి మేస్త్రీ షెడ్డులోని డ్రమ్ములో పోయించాను. బావ ముందు కాలవ వైపు చూశాడు గానీ, ఆయనకే మొహమాటమేసింది.

గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని తోస్తే బండి కదలాలి. కదిలింది. స్టార్టు చేసి మొదటి గేరు వేస్తే 'టక్' అంది. రాత్రంతా నిలబెట్టిన బండికి కూడా పొద్దున్నే ఇలాగే అవుతుంది, ఆయిల్ జిగురుకి ప్లేట్లు అంటుకుని ఉంటాయి. రెండోసారి ఆ శబ్దం లేదు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపమన్నాను, కొత్త పూత ఉక్కు ముఖానికి ఒదగాలి కదా.

ఒదగక ముందే, ఆ సాయంత్రమే, సింహాచలం బయల్దేరదీశాడు. మొక్కుబడట. వెనక నేను. కొండదారి మొదట్లో బండి హాయిగా లాగింది, ఇంజిన్ అరుపూ ముల్లూ కలిసి కదిలాయి. సగం దారిలో ముందు ఆటో ఆగింది, దాని ముందు బస్సు. బావ ఎడమచెయ్యి సగం వదిలి, కుడిచెయ్యి కొంచెం తిప్పి, బండిని గాల్లో దీపంలా నిలబెట్టాడు. కాలు బ్రేకు దరిదాపుల్లో లేదు.

"బావా," అన్నాను, "ఇస్త్రీ పెట్టె ఆపు."

కాలు బ్రేకు మీదికి వెళ్లింది.